వేలిముద్ర పడని పిల్లలు

మూడు నెలలు పనిచేసి, ఈలోగా ఏదైనా ప్రైవేటు ఆసుపత్రిలో ఖాళీ వస్తే వెళ్ళిపోదామనుకుని ఆ సెంటర్లో చేరాను. పదకొండేళ్ళయింది. ఇంకా అక్కడే ఉన్నాను.

విశాఖపట్నం చేపలరేవుకి వెనక వీధిలో, ఒకప్పుడు ఐసు దిమ్మలు దాచిన షెడ్డు అది. గోడలు మందం, కిటికీలు చిన్నవి. దాన్ని రెండు గదులుగా విడదీసి, ముందు రేకుల వరండా వేసి, నడవలేని, కూర్చోలేని పిల్లలు పగలంతా ఉండే చోటుగా మార్చింది ఒక రిటైరైన నర్సు. వీధిలో అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. నేనూ అలాగే అంటాను. ఉద్యోగమంతా ఆమె ప్రసూతి వార్డులోనే చేసింది. పుట్టగానే ఏడవని బిడ్డల్ని అందుకుని, గొంతు శుభ్రం చేసి, ఊపిరి పోసి తల్లి చేతికిచ్చిన మనిషి.

"బతికింది కదా అని సంబరపడి ఇంటికి పంపేసేదాన్ని. అలా ఊపిరి ఆలస్యమైన పిల్లలు తర్వాత ఏమవుతారో రిటైరయ్యాక గాని చూడలేదు" అని నేను చేరిన మొదటివారంలోనే చెప్పింది. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పలేదు. అడగాల్సిన అవసరం నాకూ కనిపించలేదు.

నేను చదివింది ఫిజియోథెరపీ. మాది శృంగవరపుకోట అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్ళయి ఈ ఊరు వచ్చాను. మా ఆయన పరవాడ ఫార్మా కంపెనీలకి షిఫ్టు బస్సు నడుపుతాడు. నా పని ఏమిటని చుట్టాలడిగితే "పిల్లలకి కాళ్ళూ చేతులూ పడుతుంది" అని చెప్పేవాడు. అది పూర్తిగా తప్పూ కాదు. బిగుసుకుపోయిన కండరాలని రోజూ సాగదీయాలి, లేకపోతే నెలలో మళ్ళీ బిగుసుకుపోతాయి. తల నిలబెట్టడం, కూర్చోబెట్టడం, పొలమారకుండా మింగించడం నేర్పాలి. ఒక పిల్ల తనంతట తాను చెంచా పట్టుకోవడానికి మూడేళ్ళు పట్టవచ్చు.

సెంటర్లో ఆయా ఒకామె ఉంది. రేవు దగ్గరి మత్స్యకార కుటుంబం. తన కూతురికి నాలుగేళ్ళప్పుడు చంకన వేసుకుని తీసుకొచ్చి, పిల్లని ఒక్కదాన్నే వదిలి వెళ్ళలేక రోజూ గుమ్మంలో కూర్చునేది. పదిరోజులు చూసి సిస్టరమ్మ "ఊరికే కూర్చోవడమెందుకు, పనిలో చేరు" అంది. అలా చేరింది. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా నన్ను డాక్టరమ్మా అనే పిలుస్తుంది.

ఆ పాపకి మాట రాదు. కానీ వినిపిస్తుంది, అర్థమవుతుంది. అవునంటే కళ్ళు పైకెత్తుతుంది. కాదంటే గట్టిగా మూసుకుంటుంది. ఈ భాష కనిపెట్టింది నేను కాదు, వాళ్ళమ్మే. రెండు చేతుల పిడికిళ్ళూ ఎప్పుడూ మూసుకుని ఉండేవి, బొటనవేలు లోపలికి నొక్కుకుపోయి. ఏడేళ్ళు కష్టపడితే కుడిచెయ్యి కాస్త తెరుచుకుంది. పిడికి గుడ్డ చుట్టిన చెంచా పట్టుకుని, సగం ఒంటిమీద పోసుకుంటూ అయినా తనంతట తాను అన్నం తినేది. తినేటప్పుడు ఎవరూ సాయం రాకూడదు, కళ్ళు మూసేసుకునేది.

మా జీతాలు, పిల్లల మధ్యాహ్న భోజనం, షెడ్డు అద్దె అన్నీ ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకిచ్చే గ్రాంటుమీదే నడిచేవి. ఏడాదికి రెండు విడతలు. ఎప్పుడూ ఆలస్యమే, కానీ వచ్చేది. మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఎంత పుణ్యం చేస్తున్నారండీ" అంటే సిస్టరమ్మకి ఒళ్ళు మండేది. "పుణ్యమేమిటండీ? ఈ పిల్లల్ని చూసుకోవాల్సింది ప్రభుత్వం. ఇక్కడ ఆసుపత్రి లేదు, బడి లేదు గనక మాచేత చేయిస్తోంది, దానికి డబ్బిస్తోంది. ఇందులో దానం ఎక్కడుంది?" అనేది. నాకు మొదట్లో ఆ మాట మరీ పెడసరంగా అనిపించేది. తర్వాత తర్వాత నేనూ అదే మాట అనడం మొదలుపెట్టాను.

ఒక వర్షాకాలం కొత్త నిబంధన వచ్చింది. గ్రాంటు తీసుకునే ప్రతి కేంద్రంలోనూ పిల్లల హాజరు వేలిముద్రతో వెయ్యాలి. పొద్దున్న పది గంటలకి ప్రతి పిల్లా మిషన్ మీద వేలు పెడితే ఆ లెక్క నేరుగా పైకి వెళ్ళిపోతుంది. దానికో కారణం లేకపోలేదు. లేని పిల్లల్ని ఉన్నట్టు చూపించి గ్రాంటు తినేసిన సంస్థలున్నాయని మాకూ తెలుసు. మిషన్ వచ్చినరోజు సిస్టరమ్మ సంతోషించింది కూడా. "మంచిదే, దొంగలు పోతారు" అంది.

మరునాడు పది గంటలకి మొదలుపెట్టాం. ఇరవైనాలుగుమంది పిల్లలు. మొదటి బాబు వేలు పెడుతుండగానే చెయ్యి అదిరి పక్కకి జారిపోయింది. రెండో పిల్లకి పిడికిలి విప్పలేకపోయాం. ఆయా కూతురి చెయ్యి గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, మణికట్టు నెమ్మదిగా లోపలికి వంచి, బొటనవేలు బయటికి తీసి అద్దం మీద ఆనించాను. ఎర్రలైటు. ఏళ్ళతరబడి పిడికిట్లో చెమటకి నానిన వేలు కదా, చర్మం మీద గీతలే సరిగా లేవు. తుడిచి మళ్ళీ పెట్టాం. ఎర్రలైటు. పాపకి నొప్పి పుట్టి ఏడుపు మొదలుపెట్టింది. పన్నెండున్నరకి చూసుకుంటే ఏడుగురికి ముద్రలు పడ్డాయి. ఆ పూట ఎవరికీ వ్యాయామం చేయించలేదు. అన్నం కూడా ఆలస్యమైంది.

రెండు నెలలు అలాగే ప్రయత్నించాం. ఒకరోజు ఎనిమిది, ఒకరోజు ఆరు. దసరాకి ముందు ఉత్తరం వచ్చింది. మా కేంద్రంలో ఉండాల్సిన కనీస సంఖ్యలో పిల్లలు లేనట్టు నమోదైంది కాబట్టి, సంఖ్య రుజువయ్యేవరకు గ్రాంటు నిలిపివేయడమైనది. ఉత్తరం చదువుతున్నప్పుడు గదినిండా పిల్లలున్నారు. ఒకడు నా చెప్పు పట్టుకుని లాగుతున్నాడు.

జిల్లా అధికారి దగ్గరికి వెళ్ళాం. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"మీ మాట నమ్మక కాదమ్మా. నేను నమ్మితే సరిపోదు. సిస్టమ్ తీసుకోవాలి."

"వేలు తెరుచుకోకపోవడమే మా పిల్లల జబ్బు సార్. ఆ జబ్బుందనే కదా గ్రాంటిస్తున్నారు" అన్నాన్నేను.

ఆయనకి నవ్వొచ్చినట్టయింది, ఆపుకున్నాడు. "రాసి ఇవ్వండి. పైకి పంపుతాను."

రాసిచ్చాం. డాక్టరు సర్టిఫికెట్లు జతచేసి మళ్ళీ రాసిచ్చాం. ఫోటోలు అడిగితే ఫోటోలిచ్చాం. జవాబు రాలేదు.

వంటామె మూడోనెల దాకా ఉండి, ఇద్దరు పిల్లల్ని చదివించుకోవాలమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. తప్పు పట్టలేకపోయాం. సిస్టరమ్మ తన పెన్షన్లోంచి అద్దె కట్టడం మొదలుపెట్టింది. తల్లులు వంతులవారీగా అన్నం వండి తెచ్చేవారు. నేను పొద్దున్నపూట ఒక క్లినిక్‌లో పనికి కుదిరి, మధ్యాహ్నం నుంచి మాత్రమే సెంటర్‌కి వచ్చేదాన్ని. ఇరవైనాలుగుమందికి మూడుగంటలు. ఒక్కొక్కరికి ఎంతసేపని చెయ్యగలను? సంక్రాంతి దాటేసరికి ఆ తేడా పిల్లల ఒళ్ళల్లో కనిపించడం మొదలైంది. గోడ పట్టుకుని నిలబడే బాబు మళ్ళీ కూర్చుండిపోయాడు. ఆయా కూతురి కుడిచెయ్యి మళ్ళీ బిగుసుకుంది. చెంచా జారి కిందపడితే ఆ పిల్ల చెంచా వైపు కాదు, నా వైపు చూసింది. నాకప్పుడు వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఎవరిమీద చూపించాలో తెలియని కోపం.

మా కాగితాలు ఆన్‌లైన్లో ఎక్కించే నెట్ సెంటర్ ఆయన ఆ రోజుల్లోనే ఒక ఉపాయం చెప్పాడు. మంచివాడే, మా కష్టం చూడలేక చెప్పాడు.

"ఇంత బాధెందుకు మేడమ్? ఈ ఈదిలోనే పదిహేనుమంది మామూలు పిల్లల్ని సూడండి. ఆల పేర్లెక్కించీద్దాం. పొద్దున్న బడికెల్తా ఏలెట్టీసి పోతారు. గ్రాంటొచ్చీసాక మీ పిల్లలకే కదా ఖర్సెడతారు? తినీత్తన్నారేటి మీరు?"

రెండురోజులు ఆ మాటే ఆలోచించాను. అబద్ధం చెప్పడమెందుకు, నాకు తప్పనిపించలేదు. డబ్బు చేరాల్సిన పిల్లలకే చేరుతుంది. మూడోరోజు మధ్యాహ్నం వరండాలో సిస్టరమ్మతో అన్నాను. ఆమె వెంటనే కాదనలేదు. దాంతోనే ఆమె ఎంత అలిసిపోయిందో తెలిసింది. పక్కనే ఆయా తన కూతురికి అన్నం పెడుతోంది. తలెత్తకుండానే అంది:

"మా పిల్ల ఇక్కడుండగా ఇంకోలి పిల్ల ఏలెందుకు డాక్టరమ్మా?"

"గ్రాంటు రావాలి కదా. నీ జీతం కూడా ఆగిపోయింది."

"ఆగనీండి. రేపు గవర్నమెంటోలు లెక్క తీత్తే ఈ పేటలో నడిసీ పిల్లలే ఉన్నారని రాసుకుంటారు. మరి నా పిల్లేటి? లేనట్టే కదా? ఇంట్లో దాని అయ్య ఇది లేనట్టే ఉంటాడు. ఈదిలోలు లేనట్టే ఉంటారు. ఇక్కడ కూడా లేనట్టే సేసీండి, సరిపోద్ది."

సిస్టరమ్మ లేచి లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. నెట్ సెంటర్ ఆయనకి వద్దని ఫోన్ చేశాను. ఆ తర్వాత మా ముగ్గురి మధ్యా ఆ ఉపాయం మాట మళ్ళీ రాలేదు. ఆయా మొగుడు మరబోటు మీద వేటకెళ్ళేవాడు. వెళితే రోజుల తరబడి సముద్రం మీదే. ఒడ్డున ఉన్నప్పుడు కూడా ఒక్కసారీ సెంటర్ గుమ్మం తొక్కలేదు. పిల్లని నలుగురిలోకీ తిప్పొద్దని ఆమెతో అనేవాడట.

మార్చి అయిపోయింది. ఆ ఆర్థిక సంవత్సరం విడత ఇక రాదని ఆఫీసులో చెప్పేశారు. ఏప్రిల్లో మళ్ళీ దరఖాస్తు పెట్టాం. పోర్టల్ తిరగ్గొట్టింది, హాజరు చాలదని. ఆ కాగితం పట్టుకుని కూర్చున్నప్పుడు ఆయానే మొదట అంది, "మనమే ఎల్దాం. పిల్లలందర్నీ ఎట్టుకుని."

సిస్టరమ్మ గొంతు పెంచింది. "పిల్లల్ని ప్రదర్శనకి తీసుకెళ్ళడమా? జాలిపడి ఇమ్మని అడుక్కోవడమా? నేనొప్పుకోను."

"పదర్శనేటమ్మా? రోజూ అటెండెన్సు ఎయ్యమన్నది ఆలే కదా. మన మిసను మీద ఏలు పడ్డం లేదు. ఆలాపీసులో మంచి మిసనుంటాది. అక్కడే ఎయ్యిత్తాం. ఆలసేతే ఎయ్యిత్తాం."

సిస్టరమ్మ నవ్వింది. ఆమె నవ్వగా విని చాలా నెలలైంది. అప్పటికప్పుడు కాగితం తీసి షరతులు రాసింది. పేపరువాళ్ళు రాకూడదు. బోర్డులు, నినాదాలు ఉండకూడదు. ఫిట్స్ వచ్చే పిల్లలు, నలతగా ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండాలి. బయల్దేరేముందు అందరికీ తినిపించాలి. ఎండ ముదిరేలోగా తిరిగొచ్చెయ్యాలి. ఎవరూ ఏడవకూడదు. ఆ చివరిది మాకోసం రాసింది.

అది వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ రేవులో కట్టేసి ఉంటాయి, మగవాళ్ళు ఒడ్డునే ఉంటారు. చేపలు మోసే వ్యాన్లు కూడా ఖాళీ. ఆయా, నేను కలిసి జెట్టీ దగ్గరికి వెళ్ళాం. పదిమంది దాకా కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మా పిల్లల తండ్రులు ఐదారుగురున్నారు. ఆమె మొగుడు కూడా ఉన్నాడు. ఆమె అతనివైపు చూడలేదు. మిగతావాళ్ళతో అంది:

"సోమారం పిల్లల్ని ఆపీసుకి తీసుకెల్తన్నాం. ఆపీసు మేడమీదుంది. ఆడోలం ఎంతమందిమని మొయ్యగలం? ఎవులి పిల్లని ఆలు మొయ్యాల."

"లిప్టుంటాది కదప్పా?" అన్నాడొకడు.

"ఉంటే ఉంటాది. లేకపోతే? అందుకే సెప్తన్నాను."

"వ్యాను నాను తెత్తాను" అన్నాడు ఒక పెద్దాయన. ఆయన మనవరాలు మా దగ్గరే ఉంటుంది. ఆయా మొగుడు తల వంచుకుని వల అల్లుతూనే ఉన్నాడు. తిరిగి వస్తుంటే అతన్నెందుకు అడగలేదన్నాను. "ఇన్నాడు కదా, సాల్లెండి" అంది.

సోమవారం పొద్దున్న ఏడింటికి నేను వెళ్ళేసరికి సెంటర్ ముందు రెండు వ్యాన్లున్నాయి. ఒకదాన్ని బ్లీచింగ్ పౌడరు వేసి కడుగుతున్నది ఆయా మొగుడే. ఇస్త్రీ చొక్కా మోచేతులదాకా మడిచి ఉంది. నన్ను చూసి, "వాసన పోలేదు మేడమ్. మూడుసార్లు కడిగినాను" అన్నాడు. అదే అతను నాతో అన్న మొదటి మాట. కొబ్బరిపీచు చాపలు పరిచి, మీద దుప్పట్లు వేసి, పిల్లల్ని పడుకోబెట్టాం. పంతొమ్మిదిమంది వచ్చారు. దారంతా ముందు సీట్లో తల్లి ఒళ్ళో ఉన్న ఒక బాబు కిటికీలోంచి బస్సుల్ని చూసి కేకలు పెడుతూనే ఉన్నాడు. చాలామంది పిల్లలు ఆ పేట దాటి వెళ్ళడం అదే మొదటిసారి.

ఆఫీసులో లిఫ్టు తలుపు మీద పనిచెయ్యదని కాగితం అతికించి ఉంది. మెట్లెక్కాలి. అతను కూతుర్ని ఎత్తబోయాడు. నిటారుగా లేపేసరికి పాప ఒళ్ళంతా కర్రలా బిగుసుకుని తల వెనక్కి పడింది. అతను బెదిరిపోయి దించేశాడు.

"ముందు మోకాళ్ళు మడవండి. పొట్టలోకి. అప్పుడు ఒళ్ళు వదులవుతుంది. ఇప్పుడు లేపండి" అన్నాను.

అలాగే చేశాడు. పాప తల వచ్చి అతని భుజానికి ఆనుకుంది.

"ఇంత బరువెక్కిపోనాదేటి!"

"పదకొండేళ్ళు కదా."

"రెండేళ్ళప్పుడు ఎత్తినాను" అంటూ మెట్లెక్కాడు.

పైన అటెండరు అడ్డం వచ్చాడు. ఇంతమంది ఒకేసారి కుదరదన్నాడు. "అటెండెన్సుకొచ్చినాం బాబూ, పది కాపోతంది" అంది ఆయా. ఆమె అంత మామూలుగా అనేసరికి అతను పక్కకి జరిగాడు. కారిడార్లో ఫ్యాన్లకింద చాపలు పరిచాం. సందడి విని అధికారి బయటికొచ్చాడు. మొహం ఎర్రబడింది.

"ఏమిటమ్మా ఇది? ఈ ఎండల్లో పిల్లల్ని తీసుకొస్తారా? మీలాంటి పెద్దవాళ్ళు చెయ్యాల్సిన పనేనా?"

సిస్టరమ్మ మిషన్ సంచిలోంచి తీసి ఆయన చేతికిచ్చింది. "పదయింది సార్. హాజరు తీసుకోండి. ఎనిమిదినెలలుగా మాకు చేతకాలేదు. ఎలా వెయ్యాలో మీరు నేర్పిస్తే రేపట్నుంచి అలాగే వేస్తాం."

గొంతులో ఎగతాళి లేదు. అందుకే కాబోలు, ఆయన మిషన్ అందుకున్నాడు. అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు. దగ్గరగా ఉన్నది ఆయా కూతురే. పిడికిలి పట్టుకుని విప్పబోయాడు. పాప మూలిగింది. చటుక్కున వదిలేశాడు.

"నొప్పి పెట్టిందా?"

"కొంచెం. ఇలా వంచండి" అని నా చెయ్యి ఆయన చేతిమీద వేసి చూపించాను. ఆయన నేర్చుకున్నాడు. బొటనవేలు బయటికొచ్చింది. జేబురుమాలుతో తుడిచి అద్దం మీద పెట్టాడు. ఎర్రలైటు. మళ్ళీ. ఎర్రలైటు. మూడోసారి, నాలుగోసారి. తలుపుల దగ్గర ఆఫీసువాళ్ళు గుమిగూడారు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఇంకా మొదటి పిల్ల దగ్గరే ఉన్నాం.

ఆయన చెయ్యి వదిలి, పాప తండ్రివైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఈ పాపకి మనం మాట్లాడేది ఏమైనా తెలుస్తుందా?"

అతను పెళ్ళాం వైపు చూశాడు. "నాకు తెల్దు సార్."

"దాన్నే అడగండి సార్. ఔనంటే కల్లు పైకెత్తుద్ది. కాదంటే మూసుకుంటాది" అంది ఆయా.

ఆయన కాస్త ఇబ్బందిపడి, పాప మొహంలోకి వంగాడు. "నువ్వు రోజూ సెంటర్‌కి వస్తావామ్మా?"

పాప కళ్ళు పైకి లేచాయి.

"ఇంట్లో ఉంటే బాగుంటుందా, పోనీ?"

కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నిన్న వచ్చావా?"

మళ్ళీ గట్టిగా మూసుకుంది. ఆయన మావైపు తిరిగాడు. "రాలేదంటోందే?"

"నిన్న ఆదివారం సార్!" అంది ఆయా.

ముందు తలుపు దగ్గరున్న టైపిస్టు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. అధికారి కూడా పెద్దగా నవ్వేశాడు. తనని చూసి నవ్వుతున్నారని తెలిసి పాప ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. తండ్రి మాత్రం నవ్వలేదు. నోరు కొంచెం తెరుచుకుని కూతురివైపే చూస్తున్నాడు.

అధికారి మిషన్ పక్కన పెట్టి, అటెండరు చేత తెల్లకాగితాలు తెప్పించాడు. చాపల మధ్య మోకాళ్ళమీద జరుగుతూ, ప్రతి పిల్ల దగ్గరా ఆగి, పేరు అడిగి, చెయ్యి చూసి, తన చేత్తోనే రాసుకున్నాడు. మధ్యలో ఎవరో ఫోను తెచ్చిస్తే తర్వాత మాట్లాడతానన్నాడు. పదకొండున్నరకి లేచాడు.

"నేను స్వయంగా చూశానని రాసి పంపుతాను. వేలిముద్ర కాకుండా వేరే పద్ధతి కావాలని అడుగుతాను. కానీ పైవాళ్ళు ఒప్పుకోవాలి. నేను మాటివ్వలేను."

"మాట అక్కర్లేదు సార్. కాగితం నంబరివ్వండి. ఒప్పుకునేదాకా ప్రతి సోమవారం వచ్చి అడుగుతాం" అంది సిస్టరమ్మ.

"పిల్లల్ని మాత్రం మళ్ళీ తేకండమ్మా. నేనే వస్తాను."

మెట్లు దిగుతూ ఆయా మొగుడు కూతుర్ని భుజాన వేసుకుని, వెనక వస్తున్న పెళ్ళాంతో అంటున్నాడు, "అది మాటాడతాదని నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"నువ్వెప్పుడడిగినావు?" అంది ఆమె. అతను వ్యాన్లో కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సెంటర్ చేరేలోగా అతను ఏవో అడుగుతూ, ఆ పిల్ల కళ్ళు ఎత్తుతూ మూస్తూ ఉండడం చూశాను. ఏమడిగాడో వినిపించలేదు, వినాలని నేను ప్రయత్నించలేదు కూడా.

ఆ అధికారి అన్నట్టే గురువారం చెప్పకుండా వచ్చి, గంటసేపు కూర్చుని వెళ్ళాడు. నేను ప్రతి సోమవారం క్లినిక్‌లో సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్ళేదాన్ని. ఫైలు ఏ బల్ల మీదుందో అడిగి, నోటుబుక్కులో రాసుకుని వచ్చేదాన్ని. ఒకసారి ఫైలు కనిపించలేదన్నారు. నా దగ్గరున్న నకలు ఇచ్చి కొత్త నంబరు వేయించాను. టైపిస్టు నాకు టీ తెప్పించడం అలవాటు చేసుకుంది. తొమ్మిదో సోమవారం ఉత్తర్వు వచ్చింది. వేలిముద్ర పడని పిల్లలకి కంటిపాప చూసి గుర్తుపట్టే కెమెరా వాడవచ్చు. అదీ కుదరనివాళ్ళకి ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ మీద, నెలకోసారి అధికారి తనిఖీతో హాజరు వెయ్యవచ్చు. మా ఒక్క కేంద్రానికే కాదు, ఇలాంటి పిల్లలున్న అన్నిటికీ.

అంతా బాగైపోయిందని చెప్పలేను. కళ్ళు నిలకడగా ఉండని ఇద్దరు పిల్లలకి కెమెరా కూడా పనిచెయ్యలేదు, వాళ్ళకి సర్టిఫికెట్లు తిప్పుకుంటూనే ఉన్నాం. మురిగిపోయిన విడత మురిగిపోయినట్టే, దానికోసం రాసిన ఉత్తరాలన్నీ వృథా అయ్యాయి. వంటామె వేరేచోట స్థిరపడిపోయింది. గోడ పట్టుకుని నిలబడే బాబు ఏడాది తర్వాత మళ్ళీ నిలబడ్డాడు. ఆయా కూతురి చెయ్యి మాత్రం మునుపటంత తెరుచుకోలేదు. తెరిచి ఉంచేందుకు పగలు పట్టీ కట్టాల్సి వస్తోంది. ఆ ఎనిమిదినెలలు ఆ పిల్లకి ఎవరూ తిరిగివ్వలేరు. ఈ సంగతి నేను ఎవరైనా అధికారులు వచ్చినప్పుడు తప్పకుండా చెబుతాను. వాళ్ళకి వినడం ఇబ్బందిగా ఉంటుందని తెలిసే చెబుతాను.

ఆ కెమెరా పట్టుకోవడం మాలో అందరికంటే ఆయాకి బాగా వచ్చింది. పిల్ల తల తన మోచేతి మడతలో పెట్టుకుని, ఎడంచేత్తో గిలక్కాయ ఆడించి, కళ్ళు అటు తిరగ్గానే నొక్కేస్తుంది. నిరుడు అధికారే ఆమెను రెండు కేంద్రాలకి పంపించాడు, అక్కడివాళ్ళకి నేర్పమని. తిరిగొచ్చి, "ఆలకి ఓపిక లేదు డాక్టరమ్మా, పిల్లని సూడకుండా మిసన్ని సూత్తన్నారు" అంది.

సిస్టరమ్మకి డెబ్బై ఆరు. పొద్దున్నే వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని సంతకాలు చేస్తుంది. నేను క్లినిక్ మానేసి మళ్ళీ పూర్తిగా ఇక్కడే ఉంటున్నాను. ఆ జీతం వదులుకోవద్దని మా ఆయన మొదట గొడవపడ్డాడు. ఒక సెలవురోజు బస్సు షెడ్డులో పెట్టి వచ్చి, సాయంత్రందాకా మా దగ్గర కూర్చుని, ఆ తర్వాత ఏమీ అనలేదు.

ఇప్పుడు మా దృష్టంతా కొండ అవతలున్న యారాడ ఊరి మీద ఉంది. అక్కడినుంచి ముగ్గురు పిల్లలు మా దగ్గరికి వస్తున్నారు. కొండమీది మలుపుల్లో బస్సు ఊగుతుంటే ఒకడికి దారిపొడుగునా వాంతులే. వచ్చేసరికి సొమ్మసిల్లిపోతాడు, ఇంక వ్యాయామం ఎక్కడ? ఆ ఊళ్ళోనే చిన్న గది ఒకటి, వారంలో మూడురోజులు నేను వెళ్ళేలా గ్రాంటు పెంచమని దరఖాస్తు పెట్టాం. ఒకచోట ఇరవైమంది ఉండాలని తిరిగొచ్చింది. ముగ్గురే ఉన్నారు, ఇరవైమంది లేరు, ఉండాలని కోరుకోవడమూ లేదని రాసి మళ్ళీ పంపాను. ఫైలు ఇప్పుడు రెండో బల్ల మీదుంది. ఎల్లుండి సోమవారం.